అనారోగ్యం అని రాసి ఊరుకోకు

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. నార్వే మాజీ ప్రధాని షెల్ మాగ్నె బొండెవిక్ గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు చాలా సంతోషం. నార్వే అంటే మనకి నోబెల్ శాంతి బహుమతి, అర్ధరాత్రి సూర్యుడు తప్ప ఇంకేమీ గుర్తుకు రావు. నువ్వు అక్కడొక మనిషిని వెతికి పట్టుకున్నావు.

పేరు సంగతి ముందే చెప్పేస్తాను. ‘క్జెల్’ అని రాశావు, ఇంగ్లీషు అక్షరాలు చూసి రాసినట్టున్నావు. నార్వేవాళ్లు దాదాపు ‘షెల్’ అన్నట్టు పలుకుతారు. మార్చు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం. ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది: “1998లో అనారోగ్య కారణాల వల్ల కొన్నాళ్లు సెలవు తీసుకున్నారు.” అంతే. తర్వాతి పేరాలో ఆయన మళ్లీ ఆఫీసులో ఉన్నాడు. ఆ మాట చాటున ఉండిపోయే వీలు బొండెవిక్‌కి కూడా ఉండేది. ఆయన ఆ పని చెయ్యలేదు. 1998 ఆగస్టు 31న, ప్రధాని పదవిలో ఉండగానే, తనకి వచ్చింది డిప్రెషన్ అని దేశానికి తెలియనిచ్చాడు. సాంస్కృతిక మంత్రి అన్నె ఎంగెర్ లాన్‌స్టైన్‌కి తాత్కాలికంగా బాధ్యతలు అప్పగించి చికిత్స తీసుకున్నాడు. మూడు వారాలు దాటాక, సెప్టెంబరు 23న తిరిగి పనిలోకి వచ్చాడు. ఆయన అంత కష్టపడి తీసిన ముసుగుని నువ్వు ఒక్క వాక్యంతో మళ్లీ కప్పేశావమ్మా.

నీ తప్పని అనను. మన భాషకే ఆ అలవాటుంది. ‘ఒంట్లో బాగోలేదు’, ‘కాస్త నలతగా ఉంది’, ‘నరాల బలహీనత’ అంటాం. పిల్లల పెళ్లి సంబంధాలు చెడిపోతాయని భయం. నలుగురిలో పలచనవుతామని భయం. మా బాబాయి పోయినప్పుడు ఆయన మీద ఒక వ్యాసం రాశాను. రెండేళ్ల పాటు ఆయన గదిలోంచి బయటికి రాలేదు, మాట్లాడలేదు, స్నానం కూడా మానేశాడు. నేను మాత్రం ‘స్వల్ప అస్వస్థత’ అని రాసి ముందుకెళ్లిపోయాను. పిన్ని పత్రిక చేతిలో పట్టుకుని అడిగింది: “ఆ రెండేళ్లు నేను పడింది ఎక్కడ రాశావురా?” జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లు దాటింది, ఇప్పటికీ చెప్పలేను. నువ్వు అలాంటి ప్రశ్న మొయ్యకూడదనే ఈ ఉత్తరం.

అయితే ‘డిప్రెషన్’ అని ఒక్క మాట పెట్టేస్తే పని అయిపోదు. అది ఏ పరిస్థితుల్లో వచ్చిందో పాఠకుడికి తెలియాలి. 1997 ఎన్నికల ముందు లేబర్ పార్టీ ప్రధాని తోర్‌బ్యోర్న్ యాగ్లాండ్ ఒక పంతం పెట్టుకున్నాడు. తమకి 36.9 శాతం ఓట్లు రాకపోతే దిగిపోతామన్నాడు. 35 శాతమే వచ్చాయి. అన్న మాట ప్రకారం దిగిపోయాడు. అలా ఖాళీ అయిన కుర్చీలోకి బొండెవిక్ వచ్చాడు. ఆయన పార్టీ క్రిస్టియన్ డెమోక్రాట్లు, దాని వెనక సెంటర్ పార్టీ, లిబరల్ పార్టీ ఉన్నాయి. మూడు పార్టీలనీ కలిపి లెక్కేస్తే 165 మంది సభ్యుల పార్లమెంటులో 42 మంది. ప్రతి బిల్లుకీ, ప్రతి బడ్జెట్‌కీ ఇంకొకరిని బతిమాలుకోవాలి. ఆ మరుసటి ఏడాదే చమురు ధర పడిపోయింది, నార్వే క్రోన్ విలువ తగ్గింది, కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లు మళ్లీ మళ్లీ పెంచుకుంటూ పోయింది. ఆ టెన్షన్ ఎంతటిదో ఈ లెక్కలే చెబుతాయి. ‘తీవ్రమైన ఒత్తిడి’ అన్న నీ మాట అక్కడ అక్కర్లేదు. అయితే జాగ్రత్త, జబ్బుకి కారణం ఇదే అని తేల్చెయ్యకు. మనసు లోపల ఏం జరిగిందో లెక్కలు చెప్పలేవు.

అందుకే ఎనిమిదో పేజీలో కిటికీ సీన్ తీసెయ్యమంటున్నాను. బయట మంచు కురుస్తోంది, ఆయన అద్దానికి నుదురు ఆనించి ఏడుస్తున్నాడు, ప్రార్థన పెదాల మీదే ఆగిపోయింది అని రాశావు. చదవడానికి బావుంది. కానీ ఆగస్టు నెలాఖరున ఓస్లోలో మంచు కురవదమ్మా, అక్కడ అప్పటికింకా వేసవే. ఆ మంచుని నువ్వు తెచ్చిపెట్టావంటే, ఏడుపూ నువ్వే తెచ్చిపెట్టావని పాఠకుడికి తెలిసిపోతుంది. బతికున్న మనిషి కన్నీళ్లని మనం ఊహించి రాయడానికి ఏం హక్కుంది? తేదీ, ప్రకటన, బాధ్యతలు ఎవరికి అప్పగించాడు, ఎప్పుడు తిరిగొచ్చాడు, ఇవి రాయి. జనం ఆయన్ని ఎగతాళి చెయ్యలేదనీ, ధైర్యం చెబుతూ ఉత్తరాలు రాశారనీ రాయి. కథని అవే మోస్తాయి.

నీ శీర్షిక ‘పాస్టర్ నుంచి ప్రధాని దాకా’. వినడానికి సొంపుగా ఉంది, కానీ ఆ వరస నిజం కాదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. 1970లో పార్టీ యువజన విభాగానికి అధ్యక్షుడు. 1972లో ప్రధాని కార్యాలయంలో స్టేట్ సెక్రటరీ, అంటే మంత్రికి కింది స్థాయి రాజకీయ పదవి. 1973లో, 26 ఏళ్లకి, పార్లమెంటు సభ్యుడు. థియాలజీ (క్రైస్తవ మతశాస్త్రం) డిగ్రీ చేతికొచ్చింది 1975లో, పాస్టరుగా అభిషేకం జరిగింది 1979లో. అంటే చర్చి వదిలి రాజకీయాల్లోకి వచ్చినవాడు కాదు. పార్లమెంటులో ఉంటూనే పాస్టరయ్యాడు. మోల్డె అనే తీరపట్నంలో పుట్టిన ఆ కుర్రాడికి రాజకీయం ఇంట్లోనే కనిపించింది, ఆయన తండ్రి సోదరుడు కూడా మంత్రిగా చేశాడు. పైగా అప్పటి నార్వేలో లూథరన్ చర్చి ప్రభుత్వ చర్చి. 1983 నుంచి మూడేళ్లు బొండెవిక్ చూసిన శాఖ పేరే చర్చి, విద్య. అక్కడ ఆ రెండు లోకాల మధ్య గోడ మనం అనుకున్నంత ఎత్తు లేదు. గుంటూరు ప్రాంతం వాళ్లకి లూథరన్ అన్న మాట కొత్తేం కాదు గానీ, ఈ ఏర్పాటు మాత్రం వాళ్లకీ కొత్తే. రెండు వాక్యాల్లో వివరించు.

‘దేవుణ్ణి నమ్మిన పాస్టర్‌కి డిప్రెషన్ ఏమిటి’ అని నీ పాఠకుల్లో కొందరు తప్పకుండా అడుగుతారు. నువ్వు జవాబు చెప్పబోకు. ఆయన పాస్టరు, ఆయన వైద్యం చేయించుకున్నాడు. ఈ రెండు సంగతులనీ పక్కపక్కన ఉంచి ఊరుకో. నమ్మకం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఇద్దరూ అక్కడ కాసేపు ఆగుతారు.

తర్వాతి సంగతులు నువ్వు బాగానే రాశావు, కానీ అన్నిటికీ సమానంగా చోటిచ్చావు. పదవుల జాబితా తగ్గించు. 2000 మార్చిని పెంచు. కాలుష్యం బాగా తగ్గించే టెక్నాలజీ వచ్చేదాకా గ్యాస్ విద్యుత్ కేంద్రాలు వద్దన్నాడు. పార్లమెంటులో 81 ఓట్లు వ్యతిరేకంగా, 71 అనుకూలంగా పడ్డాయి. రాజీనామా చేశాడు. ఓడించినవాళ్లలో కన్జర్వేటివ్ పార్టీ కూడా ఉంది. ఏడాదిన్నర తిరిగేసరికి, 2001లో అదే కన్జర్వేటివ్ పార్టీ ఆయన్నే ప్రధానిగా ఒప్పుకుని ఆయన మంత్రివర్గంలో చేరింది. వాళ్లకి 38 సీట్లుంటే ఆయన పార్టీకి 22! జబ్బు మాట బయటపెట్టిన మనిషికి రాజకీయ జీవితం ముగిసిపోలేదన్న సంగతి పాఠకుడు ఇక్కడ తనంతట తానే గ్రహిస్తాడు. నువ్వు చెప్పకు.

2003 కూడా అంతే. అమెరికా ఇరాక్ మీదికి వెళ్తున్నప్పుడు, నేటో కూటమిలో ఉండి కూడా, ఐక్యరాజ్యసమితి ఆమోదం లేని యుద్ధానికి మద్దతివ్వనన్నాడు. నువ్వు అక్కడ చప్పట్లు కొట్టి ఆపేశావు. ఆక్రమణ అయ్యాక నార్వే ఇంజనీరు దళాలు ఇరాక్ వెళ్లాయి కదా, అదెందుకు వదిలేశావు? ఆయనంటే నీకు గౌరవం ఉంది కాబట్టే అది రాయాలి. 2005లో ఆయన పార్టీ ఓట్లు 12 శాతం పైనుంచి 7 శాతం లోపుకి పడిపోయి, అధికారం పోయిందన్నదీ దాచకు. మరుసటి ఏడాది శాంతి, మానవ హక్కుల కోసం ఓస్లో సెంటర్ పెట్టాడన్నది ఆ తర్వాత చెబితేనే దానికి బరువు.

తిరగరాయడానికి ఎంత టైమ్ కావాలో తీసుకో. ఆ మూడు వారాలకి కనీసం రెండు పేజీలివ్వు. ఆ మాట ‘డిప్రెషన్’ అంటావో, ‘కుంగుబాటు’ అంటావో నీ ఇష్టం. నన్నడిగితే, ఇప్పుడు ఇళ్లల్లో నిజంగా వాడుతున్న మాట డిప్రెషనే. పూర్తయ్యాక నాకు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి పంపు. పిన్నికి ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు, చూపు ఆనడం లేదు. కూర్చోబెట్టి నేనే చదివి వినిపిస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు