చైనాలో పిల్లల మాటకు విలువ: పరిశోధనకు దారి ఏది?

ప్రశ్న: గుంటూరులో ఐదేళ్ల న్యాయవిద్య నాలుగో సంవత్సరం చదువుతున్నాను. చైనా సమాజంలో పిల్లల అభిప్రాయానికి, నిర్ణయానికి ఉన్న స్థానంపై పరిశోధన చేయాలని ఉంది. ఎలా సిద్ధం కావాలి? – ఒక విద్యార్థిని

జవాబు: మంచి అంశం ఎంచుకున్నారు. చైనా 1992లోనే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 2021 జూన్ 1న అమల్లోకి వచ్చిన సవరించిన మైనర్ల రక్షణ చట్టం 19వ అధికరణ ప్రకారం, పిల్లల హక్కులకు, ప్రయోజనాలకు సంబంధించిన నిర్ణయం తీసుకునే ముందు తల్లిదండ్రులు వారి వయసును, మానసిక వికాసాన్ని బట్టి అభిప్రాయం వినాలి. ఇళ్లలో మాత్రం బుద్ధిమంతులైన పిల్లలను మెచ్చుకునే మాట ‘థింగ్‌హ్వా’. దానికి అక్షరాలా అర్థం ‘మాట వినడం’. మనకు లాగే వాళ్లకూ అది చెప్పినట్టు నడుచుకోవడమే. ఎవరి మాట ఎవరు వినాలన్న చోటే చట్టానికీ వాడుకకూ మధ్య ఎడం కనిపిస్తుంది. మీ పరిశోధన అక్కడ మొదలుకావాలని నా అభిప్రాయం.

న్యాయ విద్యార్థులు సహజంగా విడాకుల కేసుల వైపు మొగ్గుతారు. ఎనిమిదేళ్లు నిండిన పిల్లల నిజమైన ఇష్టాన్ని గౌరవించాలని పౌరస్మృతి 1084వ అధికరణ చెబుతోంది కూడా. కానీ అక్కడి సుప్రీం కోర్టు 2016 నిబంధనల ప్రకారం విడాకుల తీర్పులను, మైనర్ల సంరక్షణకు సంబంధించిన తీర్పులను ఆన్‌లైన్‌లో పెట్టరు కాబట్టి, గుంటూరులో కూర్చుని చదవడానికి మీకు సరుకు దొరకదు.

అందుకని సీనియర్ సెకండరీలో సబ్జెక్టుల ఎంపికను తీసుకోమంటాను. ‘3+1+2’ పద్ధతి (మూడు తప్పనిసరి సబ్జెక్టులు, భౌతికశాస్త్రం, చరిత్రల్లో ఒకటి, మిగిలినవాటిలో రెండు) ఉన్న రాష్ట్రాల్లో పదిహేను, పదహారేళ్ల పిల్లలు భౌతికశాస్త్రమో, చరిత్రో ఒకటి ఎంచుకోవాలి. భౌతికశాస్త్రం తీసుకుంటే ఎక్కువ కోర్సుల తలుపులు తెరుచుకుంటాయి కనుక, చరిత్ర ఇష్టపడే పిల్లకు ఇంట్లో ఏం చెబుతారో ఇంటర్‌లో ఎంపీసీనా, హెచ్‌ఈసీనా అన్న వాదన చూసిన మీకు వేరే చెప్పనక్కరలేదు. వాళ్లింకా మైనర్లే కాబట్టి 19వ అధికరణ ఈ ఎంపికకూ వర్తిస్తుందని వాదించవచ్చు.

ఇక భాష. అనువాదాలపై ఆధారపడితే పిల్లల సొంత గొంతు మీకు వినిపించదు. ఈ ఏడాదే చైనీస్ తరగతుల్లో చేరి, పట్టా వచ్చేలోపు చైనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష హెచ్‌ఎస్‌కే నాలుగో స్థాయి రాయండి. ఆ తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని తూర్పు ఆసియా అధ్యయనాల విభాగంలో ఎం.ఏ.కు దరఖాస్తు చేయండి, ఎల్‌ఎల్‌.ఎం. తర్వాతైనా చేయవచ్చు, భాషకు మాత్రం ఆలస్యం పనికిరాదు.