టీఎస్‌హెచ్ నంబరు చూసి మాత్ర మార్చకు

బిడ్డా,

నువ్వు పంపిన మూడు థైరాయిడ్ రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను టీఎస్‌హెచ్ 6.2, తర్వాత 3.9, మళ్ళీ 5.8. ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. కానీ నంబరు కంటే ముందు పైన చిన్న అక్షరాల్లో ఉన్న టైము చూడు. మొదటి రక్తం పాలమూరులో పొద్దున ఏడింటికి ఇచ్చావు, రెండోది హైదరాబాదులో సాయంత్రం నాలుగింటికి. టీఎస్‌హెచ్ రాత్రి నుంచి తెల్లవారేదాకా ఎక్కువుండి, మధ్యాహ్నానికి దిగుతుంది. అది రోగం కాదు, అందరి ఒంట్లో జరిగేదే. పైగా ల్యాబు మారితే మిషను మారుతుంది, పక్కన అచ్చేసే నార్మల్ రేంజీ కూడా కొంచెం మారుతుంది. ల్యాబులో ఇన్నేళ్ళు పనిచేసిన దాన్ని, నా మాట విను: ఆ రెండు కాగితాలనూ పోల్చడమే తప్పు.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి నుంచి రాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ నుంచి వస్తుంది. నాట్లప్పుడు కూలీలు కాస్త నెమ్మదిస్తే మేస్త్రి గొంతు ఎంత లేస్తుందో చూశావుగా, ఇదీ అంతే. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 హార్మోను కొంచెం తగ్గినా టీఎస్‌హెచ్ చాలా పెరుగుతుంది. అందుకే ఆ టీ4ను కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష కూడా చేయించు.

ఇక మూడోది. థైరాయిడ్ మాత్ర డోసు 50 నుంచి 75 మైక్రోగ్రాములు చేసిన పదిహేను రోజులకే పరుగెత్తావు. మాత్రలోని మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కొత్త డోసు ప్రభావం సరిగ్గా తెలియాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

నాకు అసలు అనుమానం నీ మాత్ర వేసుకునే తీరు మీదే. చాయ్ గ్లాసు చేతిలో పెట్టుకునే మింగుతావని మీ అమ్మ చెప్పింది. పరగడుపున, మంచినీళ్ళతో వేసుకో. అరగంట, వీలైతే గంట దాకా చాయ్ వద్దు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి దీన్ని ఒంటికి పట్టనివ్వవు. మన నల్లగొండలో మోకాళ్ళు పట్టేస్తే చాలు క్యాల్షియం కొనుక్కుంటారు, ఆ సంగతి డాక్టరుకు మాత్రం చెప్పరు. థైరాయిడ్ తేడా చేస్తే ఫ్లోరైడు నీళ్ళను తిడతారు. నీళ్ళ సంగతి తర్వాత, ముందు మాత్రల డబ్బా చూసుకోవాలి కదా! సీసాను ఎండలో కారులో వదిలేయకు, వేడికీ తేమకూ మందు చెడుతుంది. కంపెనీ కూడా నెలకొకటి మార్చకు.

జుట్టు రాలకుండా వేసుకునే మాత్రల్లో చాలావాటిలో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. కొన్ని మిషన్లలో అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే ఆ జుట్టు మాత్రలు ఆపు. జ్వరమొచ్చి లేచిన వెంటనే కూడా చేయించకు.

ఈసారి నుంచి అదే ల్యాబు, అదే పొద్దున పూట, ఆ రోజు మాత్ర రక్తమిచ్చాకే. కాగితం వెనక డోసు, తేదీ, వేసుకుంటున్న మిగతా మందులు రాసి డాక్టరుకు చూపించు. డోసు పెంచడం, తగ్గించడం ఆయన పని. గుండె దడదడలాడినా, చేతులు వణికినా గడువు కోసం చూడకుండా వెళ్ళు. నెల తప్పితే అస్సలు ఆగొద్దు, కడుపుతో ఉన్నప్పుడు ఈ మందు ఎక్కువ కావాల్సి వస్తుంది. మాత్ర మానకుండా ఆ వారంలోనే డాక్టరును కలువు.

మీ మేనత్త
నల్లగొండ