ఇసుకను తీసుకుపోయింది అలలా, వాననీరా?

సముద్రతీరాల కోత గురించి, తీరంలోని ఊళ్ళ మురుగునీటి గురించి ఈమధ్య అందిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. స్థలాభావం వల్ల ఉత్తరాలను కొంత కుదించవలసి వచ్చింది.

ప్రశ్న: అయ్యా, నిరుడు సెప్టెంబరులో మేము రెండు కుటుంబాల వాళ్ళం కలిసి థాయ్‌లాండ్‌లోని పట్టాయకు వెళ్ళాము. మొదటి రోజు సాయంత్రం బీచ్ విశాలంగా, చదునుగా ఉంది. ఆ రాత్రి రెండు గంటలపాటు కుండపోతగా వాన కురిసింది. తెల్లవారి వెళ్ళి చూస్తే రోడ్డు అంచు నుంచి నీళ్ళ దాకా ఇసుక చీలిపోయి, నడుము లోతు కాలువ పడి ఉంది. అందులో నల్లటి నీరు పారుతోంది. సముద్రం బీచ్‌ను తినేస్తోందని హోటల్ వాళ్ళు అన్నారు. కాని ఆ రాత్రి పెద్ద అలలేమీ లేవు. మరి అంత ఇసుకా ఏమైనట్టు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ అనుమానం సరైనదే. ఆ రాత్రి ఇసుకను తీసుకుపోయింది సముద్రం కాదమ్మా, ఊరి వాననీరు. పట్టాయలో వానాకాలమంతా, ముఖ్యంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, గట్టి వాన పడినప్పుడల్లా ఇలాంటి గండ్లు పడుతున్నాయి. మర్నాడు యంత్రాలు వచ్చి ఇసుకను వెనక్కు నెట్టి, గండ్లు పూడ్చి చదును చేస్తాయి. తరువాతి వానకు మళ్ళీ గండ్లు పడతాయి.

అలలు కోసిన తీరానికీ, వాననీరు కోసిన తీరానికీ తేడా చూడగానే తెలుస్తుంది. అల కోస్తే ఒడ్డు పొడవునా ఇసుక మెట్టులా తెగి నిలుస్తుంది, ఆ మెట్టు నీటి అంచు వెంబడే సాగుతుంది. వాననీరు కోస్తే గండి రోడ్డు వైపు మొదలై నేరుగా సముద్రంలోకి దిగుతుంది, దాని మొదట్లో దాదాపు ఎప్పుడూ ఒక తూమో, వీధి చివరో ఉంటుంది. మీరు చూసినది ఈ రెండవ రకం. ఇలాంటి గండి పక్కన పావుగంట నిలబడి చూడండి. నీరు అడుగున ఇసుకను తొలుస్తుంది, పైన నిలువుగా నిలిచిన గోడ కాసేపు ఓర్చుకుని, ఉన్నట్టుండి చేటెడు, బుట్టెడు పెళ్ళలుగా విరిగి నీళ్ళలో పడుతుంది, ఆ పెళ్ళ కరిగిపోయేలోగా ఇంకొకటి పడుతుంది. నా ఉద్యోగ జీవితంలో ఈ దృశ్యం ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంది.

పట్టాయలో నీరు అంత ఉరవడిగా ఎందుకు వస్తుందో తెలియాలంటే ఆ ఊరి నేల తీరు తెలియాలి. బ్యాంకాక్‌కు ఆగ్నేయంగా, రోడ్డు మార్గంలో సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు 1950ల చివరి దాకా ఒక చిన్న జాలరి పల్లె. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులకు విడిదిగా మారింది, తరువాత హోటళ్ళ ఊరయింది, 1978లో ప్రత్యేక పాలన గల నగరమయింది. సముద్రం ఊరికి పడమర. తూర్పున నేల ఎత్తుగా ఉంటుంది, సుఖుంవిత్ రహదారి, దాని అవతల రైలు మార్గం ఆ ఎత్తు మీదనే ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. అక్కడ పడిన వాన పల్లానికి, అంటే బీచ్ రోడ్డుకు, దిగి రావలసిందే. ఆ వాలు మీద చెట్టూ చేమా ఉన్న రోజుల్లో నీరు చాలావరకు ఇంకేది, మిగిలినది తీరిగ్గా వచ్చేది. ఇప్పుడు ఆ వాలు నిండా కప్పులు, సిమెంటు, తారు.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒక చదరపు కిలోమీటరు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే అది 50,000 ఘనపు మీటర్ల నీరు, అంటే మనం వేసవిలో వీధుల్లో చూసే 5,000 లీటర్ల ట్యాంకర్లు పదివేలు. నేలంతా సిమెంటు అయితే అందులో 80 శాతానికి పైగా పారిపోతుంది. అంత వాన గంటలోనే పడితే సెకనుకు రెండు ట్యాంకర్ల చొప్పున నీరు పల్లానికి చేరుతుంది. ఇది ఒక్క చదరపు కిలోమీటరు సంగతి, ఊరు దానికి ఎన్నో రెట్లు పెద్దది. భూమిలోని గొట్టాలు ఇంత నీటిని మోయలేనప్పుడు వీధులే కాలువలవుతాయి, బీచ్ రోడ్డు చెరువవుతుంది, చివరికి నీరు గట్టు దాటి ఇసుక మీద పడుతుంది. పోటు సమయం కూడా కలిసివస్తే తూముల మూతులు సముద్రపు నీటిలో మునిగి ఉంటాయి కనుక లోపలి నీరు బయటికి పోలేక ఇంకా ఎత్తుకు లేస్తుంది.

హోటల్ వాళ్ళు చెప్పినది పూర్తిగా అబద్ధమూ కాదు. అలల కోత కూడా పట్టాయలో నిజమే. తీరం వెంట ఉండవలసిన ఇసుక తిన్నెల చోటును రోడ్డు, గట్టు ఆక్రమించాయి. గట్టుకు కొట్టుకున్న అల వెనక్కు మళ్ళేటప్పుడు దాని పాదం దగ్గరి ఇసుకను లాక్కుపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ బీచ్ సన్నబడి, కొన్నిచోట్ల పోటు వేళకు నిలబడే చోటు కూడా లేకుండా పోయింది. అప్పుడు థాయ్ ప్రభుత్వ మెరైన్ డిపార్ట్‌మెంట్ దాదాపు 43 కోట్ల బాత్‌ల ఖర్చుతో, సముద్రం అడుగు నుంచి తెచ్చిన సుమారు 3.6 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను 2.8 కిలోమీటర్ల పొడవున పోయించి, బీచ్‌ను 35 మీటర్ల వెడల్పు చేసింది. పది ఘనపు మీటర్ల టిప్పర్లలో ఎత్తితే అది 36,000 టిప్పర్ల ఇసుక. 2018–19లో ఈ పని ముగిసింది. మీరు మొదటి సాయంత్రం నడిచినది ఆ ఇసుక మీదనే.

పోసిన ఇసుక మంచిదే, పని కూడా అవసరమైనదే. కాని వాననీటికి ముందు దారి చూపి, తరువాత ఇసుక పోయవలసింది. ముందు ఇసుక పోసి తరువాత కాలువల సంగతి చూద్దామంటే, కప్పు కారుతుండగా గోడలకు సున్నం వేసినట్టే. కొత్తగా పోసిన ఇసుక పాత తీరంలాగా గట్టిపడి ఉండదు, వాన ధారకు ఇట్టే తెగుతుంది. పైగా పాత నీటి అంచు దగ్గర ముగిసే తూములకు ముందు ఇప్పుడు ఇన్ని మీటర్ల ఇసుక అడ్డం వచ్చినట్టు. నీరు ఆ అడ్డును కోసుకునే పోతుంది. పెద్ద గొట్టాలు వేయడం, పంపులతో నీటిని తోడడం అక్కడి నగరపాలక సంస్థ చేస్తూనే ఉంది. కాని నీటిని పల్లానికి వచ్చాక పట్టుకోవడం కంటే, ఎత్తున ఉండగానే రైలు మార్గం, సుఖుంవిత్ రహదారుల దగ్గర చెరువుల్లో, గుంటల్లో ఆపడం మేలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: వాన వెలిసిన మర్నాడు పిల్లలను సముద్ర స్నానానికి తీసుకుపోవచ్చా? నీళ్ళు తేటగానే కనిపిస్తాయి కదా?
– ఒక తండ్రి, హైదరాబాదు

జవాబు: వద్దండి. గట్టి వానలో మురుగు గొట్టాలు పొంగి, మురుగు, వాననీరు కలిసిపోతాయి. చాలా రోజుల తరువాత పడిన తొలి వాన అన్నిటికంటే చెడ్డది, వీధుల్లో పేరుకున్న మలినమంతా అదే కడిగి తెస్తుంది. నీరు తేటగా కనిపించినంత మాత్రాన అందులో సూక్ష్మజీవులు లేవని కాదు. కనీసం మూడు రోజులు ఆగండి. ఆ తరువాత కూడా తూము మూతికి దూరంగా ఉండండి. పిల్లల కాళ్ళకు పుండ్లు, గీతలు ఉంటే మరీ జాగ్రత్త. గండి అంచున కూర్చుని ఆడుకోనివ్వకండి, ఆ ఇసుక గోడ చెప్పకుండా కూలుతుంది.

ప్రశ్న: మా విశాఖ ఆర్కే బీచ్‌లో ఏటా ఇసుక కోసుకుపోతుంది, డ్రెడ్జర్ పెట్టి మళ్ళీ పోస్తారు. గెడ్డల నీరు కూడా బీచ్ మీదికే వస్తుంది. మా జబ్బూ పట్టాయ జబ్బూ ఒకటేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లక్షణాలు కలుస్తాయి కాని మూలం వేరు. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవన కాలపు అలలు ఇసుకను ఉత్తరానికి, శీతాకాలపు అలలు దక్షిణానికి నడిపిస్తాయి. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ నడకకు అడ్డంగా ఏ కట్ట కట్టినా దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. మద్రాసు హార్బరు కట్టిన తరువాత దానికి దక్షిణాన మెరీనా అంత విశాలమయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురయింది. విశాఖ ఓడరేవు 1933లో మొదలయింది. ఇసుక ముఖద్వారంలోకి రాకుండా ఆనాడు రెండు పాత ఓడలను డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర ముంచి అడ్డుకట్టగా వాడారు. 1970లలో అవుటర్ హార్బరు వచ్చింది. దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడే చిక్కుకుంటుంది కనుక, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు రావలసిన వాటా రాదు. అందువల్ల చిక్కిన ఇసుకను తవ్వి ఇటు పోయడం దుబారా కాదు. ఓడరేవు ఉన్నంత కాలం ఏటా తీర్చవలసిన బాకీ అది. ఒక ఏడు ఆలస్యమైనా ఫలితం కనిపిస్తుంది. 2021 డిసెంబరులో జవాద్ తుపాను వేళ బీచ్ పక్కనే ఉన్న పార్కు ప్రహరీ కూలి, నేల కుంగినప్పుడు ముందర అలల ఉరవడిని ఆపేంత ఇసుక లేదు.

గెడ్డల విషయంలో మాత్రం మీరూ పట్టాయా ఒకటే. కొండల మీద పడిన వాన ఊరి మధ్యగా సముద్రానికి చేరే దారులే గెడ్డలు. అవి ఒకప్పుడు తీరానికి ఇసుకను కూడా మోసుకొచ్చేవి. అడుగు, గోడలు సిమెంటు చేశాక ఇసుక రావడం ఆగి, మురుగు, ప్లాస్టిక్ సంచులు వస్తున్నాయి. తీరానికి తిండి పెట్టిన కాలువే ఇప్పుడు దాన్ని కోస్తోంది. ఈ మాట రాస్తుంటే నాకు బాధగా ఉంది, ఎందుకంటే ఆ సిమెంటు పనులను అభివృద్ధి అనుకుని సంతోషించిన ఇంజనీర్లలో నేనూ ఒకణ్ణి.

పుదుచ్చేరిని చూసిన తరువాత నాకు కొంత ధైర్యం వచ్చింది. 1980లలో కట్టిన హార్బరు కట్టల వల్ల అక్కడి బీచ్ పోయి, ఏళ్ళ తరబడి రాళ్ళ గుట్టలే మిగిలాయి. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018లో నీటి అడుగున త్రికోణాకారపు ఉక్కు దిబ్బను దించి, హార్బరు ఇసుకను తోడి పోశాక ప్రామెనేడ్, అంటే ఒడ్డున ఉన్న నడకదారి, ముందు ఇసుక మళ్ళీ నిలిచింది. ఆ అనుభవాన్ని విశాఖ అధికారులు శ్రద్ధగా చూడాలి.

ప్రశ్న: సూర్యలంక పరిసరాల్లో మాకు తీరానికి దగ్గరగా కొంత స్థలం ఉంది. చిన్న రిసార్టు కట్టాలని మా అన్నదమ్ముల ఆలోచన. ముందు సముద్రం వైపు రాతి గోడ కట్టుకుని, ఇసుక దిబ్బలు చదును చేయించాలని మేస్త్రీ అంటున్నాడు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, బాపట్ల జిల్లా

జవాబు: మేస్త్రీ చెప్పిన రెండూ చేయకండి. ఆ దిబ్బలే మీ గోడ. తుపాను అల వచ్చినప్పుడు దిబ్బ కొంత ఇసుకను ఇచ్చి అల బలాన్ని తగ్గిస్తుంది, తరువాతి నెలల్లో గాలి, చిన్న అలలు ఆ ఇసుకను తిరిగి తెస్తాయి. రాతి గోడకు ఈ గుణం లేదు. అది మీ ముందున్న ఇసుకను పోగొడుతుంది, గోడ చివర మొదలయ్యే కోత మీ పక్క పొలం వాళ్ళ మీద పడుతుంది. రేపు వాళ్ళూ గోడ కట్టవలసి వస్తుంది. పర్యాటకులు గోడ చూడడానికి రారు కదా.

చట్టం మాట కూడా చెప్పాలి. 2019 నాటి తీర నియంత్రణ మండల నోటిఫికేషన్ ప్రకారం ఇసుక తిన్నెలు అత్యంత రక్షణ గల తరగతిలోకి వస్తాయి. జనసాంద్రత తక్కువగా ఉన్న గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా నిర్మాణాలు నిషిద్ధం. సాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 మందిని మించిన చోట, ఆమోదం పొందిన ప్రణాళిక ఉంటే, ఆ హద్దు 50 మీటర్లు. మీ సర్వే నంబరు ఏ తరగతిలోకి వస్తుందో రాష్ట్ర తీర మండల యాజమాన్య అథారిటీ పటాల్లో చూపించుకుని, ఆ తరువాతే ప్లాను గీయించండి.

కట్టే అర్హత ఉంటే దిబ్బల వెనుకనే కట్టండి. బీచ్‌కు దారి దిబ్బను తవ్వి కాకుండా, దాని మీదుగా చెక్క మెట్లతో వేయండి. దిబ్బ మీద పాకే ఊదారంగు పూల తీగను, గడ్డిని పీకించకండి, ఇసుకను పట్టి ఉంచేది వాటి వేళ్ళే. కప్పుల మీది వాననీటిని గొట్టం పెట్టి సముద్రం వైపు వదలకుండా, ఆవరణలోనే ఇంకుడు గుంతలు తవ్వించండి. ఇసుక నేల కనుక నీరు త్వరగా ఇంకుతుంది, మీ బావి నీరు ఉప్పగా మారకుండా కూడా కొంత కాపాడుతుంది. మరుగుదొడ్ల నీటికి మాత్రం వేరే శుద్ధి ఏర్పాటు ఉండాలి, దాన్ని ఈ గుంతల్లోకి ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. ఆవరణలో నడక దారులకు సిమెంటు పోయకుండా, మధ్య మధ్య ఖాళీలు వదిలి రాతి పలకలు పరిపించండి.