బంగారు జింకలు, బీఎస్సీ కెమిస్ట్రీ

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. కజకిస్తాన్‌లో శకుల సమాధి దిబ్బల్లో దొరికిన జింకలు, చిరుతల బొమ్మలు తెల్లవార్లూ గీస్తోంది. వాటి మీదే పనిచేస్తానంటోంది. తిండి పెడుతుందా ఇది? మాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, ఖమ్మం

అమ్మా, శకులంటే మధ్య ఆసియా మైదానాల్లో గుర్రాల మీద తిరిగిన పాతకాలపు సంచార జాతులు. వాళ్ల కళ కోసమంటూ మన దేశంలో విడిగా ఉద్యోగాలు లేవు. అయితే ఆ దిబ్బలకు కెమిస్ట్రీ బాగా దగ్గర.

కజకిస్తాన్‌లోని ఆల్టాయ్ కొండల్లో బెరెల్ అనే చోట 11వ దిబ్బను 1990ల చివర్లో తవ్వారు. నేల గడ్డకట్టి ఉండటంతో అందులో పూడ్చిన 13 గుర్రాలు సుమారు 2,300 ఏళ్లు చెడకుండా ఉన్నాయి. వాటి కళ్లేలకూ జీనులకూ చెక్కతో చెక్కిన గ్రిఫిన్లు (డేగ తల, సింహం ఒళ్లు ఉన్న ఊహాజీవులు), జంతువుల తలలు, పైన బంగారు రేకు. మంచులోంచి తీశాక చెక్క ఎండి చీలుతుంది, తోలుకు బూజు పడుతుంది. అలా పాడవకుండా రసాయనాలతో ఆపడమే వాటిని కాపాడిన క్రిమ్ అల్టిన్‌బెకోవ్ పని; ఆయన కజకిస్తాన్ నగరం ఆల్మటీలోని నిపుణుడు. (మన పంచాంగంలో శక సంవత్సరం ఉందే, ఆ పేరు ఇండియాకు వచ్చిన శకులదే.)

నా ఓటు ముందు ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి. కేంద్ర పురావస్తు శాఖ సైన్స్ విభాగంలో రసాయనవేత్తల పోస్టులుంటాయి. తక్కువే, ఎప్పుడు పడతాయో చెప్పలేం. అవి రాకపోయినా హైదరాబాద్ ఫార్మా కంపెనీలు ఎటూ ఉన్నాయి. ఆ తర్వాత కన్జర్వేషన్‌లో (పాత వస్తువులు పాడవకుండా కాపాడే చదువు) పీజీ చేయవచ్చు.

దాంతోపాటే రష్యన్ మొదలుపెట్టాలి, హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) నేర్పుతారు. 1969లో ఆల్మటీ దగ్గర ఇస్సిక్ దిబ్బలో, నాలుగు వేలకు పైగా బంగారు ముక్కలున్న దుస్తులతో పూడ్చిన శకుడు, 'బంగారు మనిషి', బయటపడ్డాడు. తవ్విన కెమాల్ అకిషెవ్ రాసింది రష్యన్‌లోనే. అది రాకపోతే ఫొటోలు చూస్తూ కూర్చోవాల్సిందే.

బొమ్మలు మాన్పించకండి. కాకపోతే ప్రతి బొమ్మ పక్కనా ఒక్క మాట రాయమనండి: ఇది దేనికి కుట్టింది, దేనికి తొడిగింది? జింక కాళ్లు కడుపు కిందికి ముడుచుకోవడం, కొమ్ములు వీపు పొడవునా వెనక్కి వాలడం, చిరుత చక్రంలా చుట్టుకోవడం – ఇవన్నీ బిళ్ల మీదో పట్టీ మీదో చోటు సరిపోయేలా కూర్చిన రూపాలు. అది పట్టుకున్న పిల్ల ఇంటర్వ్యూలో నోరు తెరిస్తే చాలు.

వేసవిలో సాలార్‌జంగ్ మ్యూజియం కన్జర్వేషన్ ల్యాబ్‌లో కొన్నాళ్లు పని చూసే వీలుందేమో అడగమనండి. పాత తోలు, బూజు వాసన మధ్య నెల రోజులు నిలబడగలిగితే నాకు మళ్లీ రాయండి.