ఆడటం వచ్చు, ఆడించడం ఎలా?

ప్రశ్న: నమస్తే సార్. నేను బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయుల డిగ్రీ) రెండో ఏడాది చదువుతున్నాను. వాలీబాల్‌లో యూనివర్సిటీ జట్టుకు ఆడాను. వచ్చే నెల నుంచి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచింగ్ ప్రాక్టీస్. నాకిచ్చిన ఎనిమిదో తరగతిలో 50 మంది, స్కూల్లో ఉన్నవి మూడు బంతులు. పిల్లలు నా మాట వింటారా అని టెన్షన్‌గా ఉంది. పైగా అక్కడ పీటీ పీరియడ్ చాలాసార్లు లెక్కల సారే తీసేసుకుంటారట. ఇదంతా వదిలేసి కోచింగ్ వైపు వెళ్లిపోనా?
– ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: కోచింగ్ సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు నీ 50 మంది సంగతి.

నా టీచింగ్ ప్రాక్టీస్‌లో మొదటి పాఠం వాలీబాల్ అండర్‌హ్యాండ్ పాసే. మోకాళ్లు ఎంత వంచాలి, చేతులు ఎలా కలపాలి అని పావుగంట చెప్పాను, చేసి చూపించాను. బ్రహ్మాండంగా వచ్చిందనుకున్నాను. చివర్లో మా లెక్చరర్ ఒకటే అడిగారు: 'ఆ వెనక వరుసలో చివరి పిల్లాడు బంతిని ఎన్నిసార్లు ముట్టుకున్నాడు?' నాకు తెలీదు. ఆయన లెక్కపెట్టారు. రెండుసార్లు. నేను మాత్రం బోలెడన్నిసార్లు ముట్టుకున్నాను.

బాగా ఆడేవాళ్లకే ఈ జబ్బు ఎక్కువ. నీకూ ఉంటుంది, చూసుకో.

ఖోఖో పెట్టావనుకో. తరిమే జట్టులో తొమ్మిది మంది, తప్పించుకునేవాళ్లు ఒక విడతలో ముగ్గురు, వెరసి 12. వాలీబాల్‌కూ 12 మందే. కబడ్డీకి 14. అంటే ఏ ఆట పెట్టినా ఇంకో 36 మందికి తక్కువ కాకుండా ఊరికే కూర్చుంటారు. ఊరికే కూర్చున్నవాళ్లు మట్టి చల్లుకుంటారు, జడలు లాక్కుంటారు. నువ్వు విజిల్ మీద విజిల్ ఊదుతావు. ఇంటికొచ్చి 'పిల్లలు మాట వినట్లేదు' అంటావు. ఎలా వింటారు, వాళ్లకి పని లేదు!

అందుకని పదేసి మంది చొప్పున అయిదు గుంపులు చెయ్యి. మూడు గుంపులకు తలో బంతి. నాలుగో గుంపుకు బంతి అక్కర్లేని పని, కబడ్డీలో కూత ఆపకుండా వెళ్లి గీత ముట్టుకుని రావడం లాంటిది. అయిదో గుంపు నిలబడి దూకడం. 40 నిమిషాల పీరియడ్‌లో వరుసలకూ హాజరుకూ 5, వార్మప్‌కు 5, చివర్లో అందరినీ చేర్చి పంపడానికి 5 పోతే 25 మిగులుతాయి. గుంపుకు అయిదు నిమిషాలు, తర్వాత చోటు మారాలి. మొదటి రోజు గందరగోళం అవుతుంది. మూడో రోజుకు వాళ్లే మారతారు.

ఎండకు నువ్వే ఎదురు నిలబడు, పిల్లల వీపులు సూర్యుడి వైపు ఉండాలి. నీ కళ్లు మండితే మండనీ, వాళ్లకు నువ్వు కనపడాలి కదా. 'సావధాన్, విశ్రామ్' గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలి. మేడ మీద రెండు రోజులు అరిచి చూసుకో, ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వుతారు. విజిల్ ఎంత తక్కువ ఊదితే అంత విలువ. అల్లరి చేసినవాణ్ని గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించకు. పరుగు శిక్ష అని ఒకసారి మనసులో పడిందంటే, రేపు వార్మప్‌లో వాడు పరిగెత్తడు.

వేపచెట్టు కింద కొందరు ఆగిపోతారు. 'కడుపు నొప్పి మేడమ్' అంటారు. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు అలా అన్నప్పుడు అందరి ముందూ ఎందుకని అడగొద్దు. స్కోరు రాయడమో, టైము చూడటమో అప్పగించు. పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్లూ ఉంటారు, పరుగులు పెట్టే ముందు ఒక మాట కనుక్కో. ఈ విషయంలో మా మగ పీఈటీల (వ్యాయామ ఉపాధ్యాయుల) కంటే నీకు పని సులువు. నిజం చెప్పాలంటే, నీలాంటి వాళ్లు స్కూళ్లలో ఉండాలని నేను కోరుకునేది అందుకే.

లెసన్ ప్లాన్ రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చి దించేయడం మన కాలేజీల్లో మామూలే. మార్కులూ వస్తాయి. కానీ అందులో 'పరికరాలు: 25 బంతులు' అని ఉంటుంది, నీ దగ్గరున్నవి మూడు.

ఇక కోచింగ్. కోచ్ దగ్గరకు ఆట మీద ఇష్టం ఉన్న పన్నెండు మంది వస్తారు. పీఈటీ దగ్గరకు టైమ్‌టేబుల్ పంపిన 50 మంది వస్తారు. రెండూ మంచి పనులే, కానీ వేర్వేరు పనులు. పటియాలా ఎన్‌ఐఎస్‌లో (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా ఉంది, నీ ఆట రికార్డు బావుంటే ప్రయత్నించొచ్చు. బీపీఈడీతో డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష), గురుకులాలు, కేంద్రీయ, నవోదయ విద్యాలయాలు, ప్రైవేటు స్కూళ్లు ఉన్నాయి. ఎంపీఈడీ (ఇందులోనే పీజీ) చేసి, కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష నెట్ రాస్తే కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ దారి. డీఎస్సీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరం చెప్పలేం కాబట్టి ఆ ఒక్కదాని మీదే కూర్చోకు. అయితే టీచింగ్ ప్రాక్టీస్ అయ్యేదాకా ఏదీ తేల్చుకోవద్దు. ఆ ఆఖరి వరుస పిల్లాడు బంతి ఎత్తగలిగిన రోజు నీకు సంతోషం కలిగిందా, లేక 'వీడితో టైమ్ వేస్ట్' అనిపించిందా, అది చూసుకుని తేల్చుకో.

లెక్కల సారుతో గొడవ పెట్టుకోకు. హెచ్‌ఎమ్‌కు ఫిర్యాదూ చెయ్యకు, నువ్వు అక్కడ ఉండేది కొద్ది రోజులే. ముందురోజు సాయంత్రం టేపు, తాడు, సున్నం తీసుకుని గ్రౌండ్ గీయడానికి వెళ్లేటప్పుడు ఆయన్నీ పిలువు. మహిళల కబడ్డీ కోర్టు 12 మీటర్లకు 8 మీటర్లు. సగం కోర్టు 6కి 8. మూల నుంచి మూలకు తాడు పట్టుకుంటే సరిగ్గా 10 రావాలి, రాకపోతే కోర్టు వంకర. వాలీబాల్ సగం కోర్టు 9కి 9, దాని కర్ణం 12.73. బోర్డు మీద పైథాగరస్ చెప్పే మనిషికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 'సార్, రేపు మీ పిల్లలతోనే కొలిపిద్దామా' అని అడుగు. తాడు ఒక కొస ఆయన చేతికివ్వు.