తన దగ్గరే పెద్దగా లేని దేశం పక్కవాడికి ఏం ఇస్తుంది?

"ఎస్టోనియా లాంటి చిన్న దేశాలు డబ్బుకు బదులు 'మా అనుభవం పంచుకుంటాం' అంటాయి కదా, ఉపయోగం ఉంటుందా?" అని అడిగారు. ఉంటుంది. చాలాసార్లు డబ్బు కంటే ఎక్కువే. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో ఐటీ ఉద్యోగం చేసే రోజుల్లో అలాంటి ఒక శిక్షణ కోసం మాల్డోవా రాజధాని కిషినావ్ వెళ్లాను, ఆ ధైర్యంతోనే చెప్తున్నా.

మొదటిరోజంతా స్లైడ్లే. ప్రభుత్వ శాఖల డేటాబేసుల్ని కలిపే ఎక్స్-రోడ్, 2001 నుంచి నడుస్తోంది, ఇన్ని బాణాలు, అన్ని డబ్బాలు. ఎదురుగా ఉన్న ఉద్యోగులు మర్యాదగా తలూపుతూ ఫోన్లు చూసుకున్నారు. రెండోరోజు మధ్యాహ్నం ప్రొజెక్టర్ మొరాయించింది. మా బృందంలో రిటైరైన ఒక అధికారిణి ఉండేవారు. ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని, ఎస్టోనియా సోవియట్ కాలపు రూబుళ్లు వదిలి సొంత డబ్బు క్రూన్ తెచ్చుకున్న 1992 జూన్ సంగతి రష్యన్‌లో ఎత్తుకున్నారు. నాకు పక్కాయన ఇంగ్లీషులో చెప్తూ వచ్చాడు. క్యూలో నిలబడి మార్చుకుంటే మనిషికి 1,500 రూబుళ్లు, పదికి ఒక క్రూన్ లెక్కన చేతికి 150 క్రూన్లు. వాళ్లమ్మ ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, "ఇవి రేపు చెల్లుతాయా?" అని అడిగిందట. "సర్కారు ఉద్యోగిని కదా, చెల్లుతాయనే అన్నాను. నిజానికి నాకూ తెలీదు."

గది మొత్తం నవ్వింది. ఆ తర్వాత అసలు ప్రశ్నలు మొదలయ్యాయి. సోవియట్ కాలపు సమష్టి వ్యవసాయ క్షేత్రాలు పోయాక పల్లెల్లో ముసలివాళ్లు ఎలా బతికారు? మా డేటా మేం ఇవ్వమని ఒక శాఖ మొండికేస్తే ఏం చేశారు? కాఫీ టైమ్ దాటిపోయినా ఎవరూ లేవలేదు. ఆ క్యూలో నిలబడని పెద్ద దేశపు కన్సల్టెంట్ ఎంత చదివినా ఈ జవాబులు చెప్పలేడు.

ఇక నివేదికల సంగతి ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చాం, బ్యానర్ మీద ఎవరి లోగో పెద్దది, ఇదే గోల. మా నివేదికలో ఆ మధ్యాహ్నం గురించి ఉన్నది ఒక్క వాక్యం: "సాంకేతిక కారణాల వల్ల సెషన్ రద్దయింది."

ఎస్టోనియావాళ్లు చెప్పుకోనిది కూడా ఒకటుంది, వాళ్లకు కలిసొచ్చిన పరిస్థితులు. సముద్రం అవతల ఫిన్లాండ్, 2004లో యూరోపియన్ యూనియన్ సభ్యత్వం, కేవలం 13 లక్షల జనాభా. ఇవి స్లైడ్‌లో పెట్టి పంపలేరుగా! అయినా ఉక్రెయిన్ ఎక్స్-రోడ్ పద్ధతిని తీసుకుని తన 'త్రెంబీత' కట్టుకుంది, ఫోన్‌లోనే గుర్తింపు పత్రాలు చూపించే 'దియా' యాప్ తెచ్చింది. 2023లో ఎస్టోనియా తన మొబైల్ యాప్ కోసం ఆ దియానే నమూనాగా తీసుకుంది.