టికెట్లు ఎందుకు తిరిగొస్తున్నాయి?

ప్రశ్న: సంస్థ కంప్యూటర్లపై దాడులను కనిపెట్టే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో రెండేళ్లు ఎల్‌1గా, అంటే తొలి అంచెలో పనిచేసి, ఆరు నెలల క్రితం రెండో అంచె, ఎల్‌2 అనలిస్టునయ్యాను. అలర్టులను మునుపటికంటే వేగంగానే మూసేస్తున్నాను. అయినా చాలా టికెట్లు, అంటే ఒక్కో అలర్టుపై నేను రాసే విచారణ నమోదులు, ‘విచారణ చాలదు’ అన్న వ్యాఖ్యతో పై అంచె ఎల్‌3 నుంచి తిరిగొస్తున్నాయి. లోటు ఎక్కడుంది? మరో సర్టిఫికెట్ పూర్తిచేస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు

జవాబు: ఎల్‌1లో మీకు మెప్పు తెచ్చిన వేగమే ఇప్పుడు మీకు అడ్డొస్తోందని నా అనుమానం. వరుసలో ఉన్న అలర్టుల్లో దేన్ని పక్కన పెట్టవచ్చో, దేన్ని పైకి పంపాలో తేల్చడం ఎల్‌1 పని. పైకి వచ్చినదానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, ఇంకెక్కడెక్కడ జరిగింది అన్నది తేల్చవలసింది మీరు.

రాత్రి 2:10కి ఒక ఉద్యోగి ఖాతాలో వేళ కాని వేళ లాగిన్ జరిగిందని అలర్టు వచ్చిందనుకోండి. జరిగిన ప్రతి ఘటననూ ఒక నంబరుతో నమోదు చేసే విండోస్ లాగులో ఒక 4625, అంటే విఫలమైన లాగిన్, రెండు నిమిషాల తర్వాత ఒక 4624, అంటే సఫలమైన లాగిన్ కనిపిస్తాయి. పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టి, సరిచేసుకున్నారని రాసి మూసేయడం ఎవరికైనా తోచేదే. అదే వెతుకులాటను ఖాతా పేరుతో కాక, లాగిన్ వచ్చిన ఐపీ చిరునామాతో చేస్తే, ఆ అరగంటలోనే మరో నలభై ఖాతాల మీద ఒక్కొక్క విఫలయత్నం బయటపడవచ్చు. దీన్నే పాస్‌వర్డ్ స్ప్రేయింగ్ అంటారు. ఏ ఒక్క ఖాతా లాకౌట్ పరిమితిని (ఇన్నిసార్లు తప్పితే ఖాతా మూసుకుపోయే హద్దును) తాకదు కాబట్టి విఫలయత్నాలను లెక్కించే ఏ నియమమూ మోగదు. సంస్థ ఖాతాలను సరిచూసే సర్వర్లయిన డొమైన్ కంట్రోలర్ల మీద కెర్బరోస్ అనే లాగిన్ పద్ధతిలో జరిగే విఫలయత్నాలు 4771గా నమోదవుతాయి కనుక, 4625 ఒక్కటే వెతికితే సగం చిత్రమే దొరుకుతుంది.

అక్కడితో ఆగకూడదు. ఆ చిరునామా నుంచి ఇంకే ఖాతా అయినా లోపలికి వచ్చిందా, వచ్చిన ఖాతా తర్వాత ఏ యంత్రాలను తాకింది, అక్కడ ఏ ప్రాసెస్‌లు (ప్రోగ్రాములు) మొదలయ్యాయి అన్నవి చూడాలి. ప్రాసెస్ ప్రారంభాన్ని చెప్పే 4688 నమోదు కావాలంటే ఏమేం నమోదు చేయాలో చెప్పే ఆడిట్ విధానంలో దాన్ని ప్రత్యేకంగా ఆన్ చేయాలి. లాగులో ఏమీ లేదంటే ఏమీ జరగలేదని కాదు, నమోదు కాలేదని కూడా కావచ్చు. ఈ తేడా టికెట్‌లో రాసే అనలిస్టులు తక్కువ. పాస్‌వర్డ్ మార్చమని సిఫార్సు చేసేటప్పుడు తెరిచి ఉన్న సెషన్లను కూడా రద్దు చేయమని రాయండి, లేకపోతే చొరబడినవాడు లాగిన్‌ను గుర్తుపెట్టే పాత టోకెన్‌తో లోపలే ఉండిపోవచ్చు.

తప్పుడు అలర్టుల విషయంలోనూ ఇదే ఓపిక కావాలి. విండోస్‌ను ఆదేశాలతో నడిపే సాధనం పవర్‌షెల్. నేరుగా చదవలేని రూపంలోకి ఎన్‌కోడ్ చేసిన పవర్‌షెల్ ఆదేశాన్ని దాడిచేసేవాళ్లే కాదు, నిర్వహణ సాఫ్ట్‌వేర్ కూడా రోజూ వాడుతుంది. విసుగెత్తి పవర్‌షెల్‌ను అలర్టుల నుంచి మొత్తంగా మినహాయిస్తే దాడిచేసేవాడికి దారి ఇచ్చినట్టే. దాన్ని నడిపిన పేరెంట్ ప్రాసెస్, డిజిటల్ సంతకం, డీకోడ్ చేసిన ఆదేశం, ఈ మూడూ కలిసినప్పుడే మినహాయింపు పెట్టాలి. 2013లో అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్ నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు చోరీ అయినప్పుడు భద్రతా సాధనం ముందే హెచ్చరించింది, చర్య తీసుకోవడంలోనే లోపం జరిగింది.

టికెట్‌లో సమయాలన్నీ ఒకే టైమ్‌జోన్‌లో, వీలైతే అంతర్జాతీయ ప్రమాణ సమయమైన యూటీసీలో ఉండాలి. లాగులో చూసినది, దాన్నిబట్టి మీరు ఊహించినది వేర్వేరు పేరాల్లో ఉండాలి. ఏం చూడలేకపోయారో, ఎందుకో కూడా చివర రాయండి. చూడలేకపోయినదాన్ని దాచిన టికెట్‌నే ఎల్‌3 ముందుగా తిప్పి పంపుతారు.

సర్టిఫికెట్ చేస్తే తప్పు లేదు, కానీ ఈ లోటును అది పూడ్చదు. గత నెలలో తిరిగొచ్చిన టికెట్లలో ఐదింటిని తీసి, మీరు నడపని ఏ క్వెరీలను (లాగుల్లో వెతుకులాటలను) ఎల్‌3 నడిపారో ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే షిఫ్టులో టికెట్ మూసే ముందు వాటిని మీరే నడిపి చూడండి.